లైను కాల్చమన్నారు

రెండువేల పద్దెనిమిది, మాఘమాసం. బొర్రా వైపు కొండల్లో ఘాటీ రోడ్డు వదిలి పైకి ఎక్కితే, కాఫీ తోటలు అయిపోయిన చోట మా శాఖ పైన్ ప్లాంటేషన్ మొదలవుతుంది. నేనప్పుడు ఆ సెక్షన్‌కి డిప్యూటీ రేంజ్ ఆఫీసర్ని. చోడవరం పక్క పల్లెలో చెరకు రైతు ఇంట పుట్టినదాన్ని. కొండ మీద ఉద్యోగం అనగానే మా అమ్మ ఏడ్చింది, మా నాన్న గట్టి బూట్లు కొనిపెట్టాడు. ఆ కొండల్లో ఎన్నో పనులు చేశాను గానీ నన్ను ఇప్పటికీ వదలనిది ఒకటే. అది చెప్పాలంటే ముందు నా పనేమిటో చెప్పాలి. ఎందుకంటే పెళ్ళిళ్ళలో కనబడిన చుట్టాలంతా నన్ను ఒకటే అడుగుతారు: "అడవిని కాపాడమని గవర్నమెంటు జీతం ఇస్తే నువ్వు నరికిస్తావటే?"

నరికిస్తాను. దాన్ని థిన్నింగ్ అంటారు. ఆకుమడిలో నారు మరీ ఒత్తుగా మొలిస్తే ఏం చేస్తాం? పీకి పల్చన చేస్తాం, లేకపోతే ఏ మొక్కా బాగుపడదు. ఇదీ అంతే. ఎప్పుడో మా ముందుతరం ఆఫీసర్లు కాగితం గుజ్జుకి పనికొస్తాయని పరాయి దేశపు పైన్ మొక్కలు తెచ్చి ఈ కొండ మీద నాటారు. నాటడం నాటి మరిచిపోయారు. చెట్టుకి చెట్టు ఆనుకుని పెరిగి, వెలుతురు నేలకి దిగక, కింద పచ్చి మొక్క అన్నది లేదు. సూదుల్లాంటి ఎండుటాకు అడుగు మందాన పేరుకుపోయింది. కింది కొమ్మలు ఎండి నేలదాకా వేలాడుతున్నాయి. నేల మీద నిప్పు పడితే ఆ కొమ్మలు పట్టుకుని పైకెక్కుతుంది. నేల మంటని పచ్చి రొట్టతో కొట్టి ఆర్పొచ్చు. చెట్ల తలల మీద పరిగెత్తే మంటని ఆర్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

అందుకని సన్నవీ వంకరవీ తీసేసి, మిగిలినవాటికి కింది కొమ్మలు కొట్టేసి, చెట్టుకీ చెట్టుకీ ఎడం ఇవ్వాలి. ఎడం ఇస్తే వెలుతురు పడుతుంది. వెలుతురు పడితే నేరేడు, ఉసిరి, మద్ది వాటంతట అవే లేస్తాయి. అవి కాయ కాస్తే పిట్ట వస్తుంది. ఆ ప్లాంటేషన్‌లో పొద్దున్నపూట నడిచినా ఒక్క పిట్ట కూత వినపడేది కాదు. టూరిస్టులు మాత్రం "ఎంత ప్రశాంతంగా ఉందో" అని ఫోటోలు తీసుకునేవారు. అడవిలో ప్రశాంతత ఏమిటి, మన మొహం! అడవి గోలగా ఉంటేనే బాగున్నట్టు.

ఒక్కచోట మాత్రం గోల ఉండేది. ప్లాంటేషన్ మధ్యగా ఒక గెడ్డ, అంటే కొండవాగు, దిగుతుంది. దాని ఒడ్డున, పైన్ నాటినవాళ్లు ఎందుకో వదిలేసిన పాత తాని చెట్టు ఒకటి ఉంది. దాని తొర్రలో ఏటా ఒక హార్న్‌బిల్ జంట గూడు పెట్టేది. పెద్ద ముక్కు, ముక్కు మీద కొమ్ములాంటి బుడిపె ఉండే పక్షి. ముష్టిపండ్లు తింటుందని ఇక్కడివాళ్ల ఒడియా మాటలో దాన్ని కొచిలాఖాయి అంటారు. ఎండలు ముదిరే ముందు ఆడపక్షి తొర్రలోకి వెళ్లి, ద్వారాన్ని మట్టితో మూసేసి, ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంటుంది. లోపల ఈకలు రాల్చేసుకుంటుంది, ఇక ఎగరలేదు. పిల్ల ఎదిగేదాకా మగపక్షి పండ్లు తెచ్చి ఆ సందులోంచి అందించాలి. సరిగ్గా అడవి తగలబడే కాలంలోనే అది తలుపేసుకుని కూర్చుంటుంది. అందుకని నా థిన్నింగ్ ప్లాన్‌ని ఆ చెట్టు దగ్గర మొదలుపెట్టాను. ముందు దాని చుట్టూ పల్చన చెయ్యాలి, మిగతా కొండ తరవాత.

ఆ చెట్టుని నాకు చూపించింది దొన్ను. మా ఫైర్ వాచర్. ఫైర్ వాచర్ అంటే ఎండాకాలం శాఖ కూలికి పెట్టుకునే మనిషి, నిప్పు కనబడితే కబురు చెయ్యాలి, ఆర్పాలి. ప్లాంటేషన్‌ని ఆనుకున్న ఊళ్లోనే ఉంటాడు. ఆ ఊరికి ఇల్లరికం వచ్చినవాడు. నోరు మూసుకుని ఒక్క క్షణం ఉండలేడు. మగ హార్న్‌బిల్ రెక్కలు టపటపలాడించుకుంటూ వచ్చినప్పుడల్లా, "అదిగో, అల్లుడు గోరొచ్చేరు మేడమ్మా" అనేవాడు.

"అల్లుడేమిటి దొన్నూ?"

"మరేటి? తలుపేసుకుని అది లోపల కూకుంటాది, ఈడు తిండి మోసుకొచ్చి బయట నిలబడతాడు. ఇల్లరికపోడి బతుకే గదా. నాకు తెల్దా?" అని నవ్వేవాడు. అతని భార్య సుక్రి పక్కనుంటే, "తిండి నువ్వు మోత్తన్నావా, నాను మోత్తన్నానా?" అని మొట్టికాయ వేసేది. ఆమెకి ప్లాంటేషన్ అంచున అటవీ హక్కు పట్టా ఉన్న చిన్న మెట్ట ఉంది, చోళ్లు, అదే రాగులు, పండిస్తారు. ఆ పట్టా ఆమె పేరునే ఉంది. వాళ్లకున్న ఆధారం ఆ మెట్టే.

మార్కింగ్ చేసేటప్పుడు దొన్ను రంగు డబ్బా పట్టుకుని నా వెనకే తిరిగాడు. మార్కింగ్ అంటే ఏ చెట్టు పోవాలో, ఏది ఉండాలో రంగుతో గుర్తు పెట్టడం. పోయేవాటికి ఎర్ర గీత, ముట్టుకోకూడని వాటికి పసుపు చుట్టు. తాని చెట్టుకి పసుపు చుట్టు అతనే వేశాడు, పెళ్లికూతురికి పారాణి పెట్టినంత శ్రద్ధగా. తరవాత ఊళ్లో మీటింగు పెట్టి ఏం చెయ్యబోతున్నామో చెప్పాను. అందరూ విన్నారు. సుక్రి అడిగింది: "కొట్టినాక ఎప్పుడు కాలుత్తారమ్మా?"

"కాల్చం. కొట్టిన కొమ్మా రెమ్మా ఎండకముందే లారీల్లో కిందకి తీసుకుపోతాం."

"కొట్టినోలు కాల్చకుండా ఎల్లిపోతారేటి?" అంది. ఊరంతా గొల్లుమంది. నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఎందుకో కొండ తెలియనివాళ్లకి చెప్పాలి. ఇక్కడ పోడు చేసేవాళ్లు మాఘంలో తుప్పా చెట్టూ కొడతారు, ఎండబెడతారు, చైత్రంలో కాలుస్తారు, వాన పడగానే గింజ చల్లుతారు. కొట్టడం, కాల్చడం వాళ్లకి రెండు పనులు కావు. వండినవాళ్లు వడ్డించకుండా లేచిపోతే ఎలా ఉంటుందో, కొట్టినవాళ్లు కాల్చకుండా పోవడం అలా ఉంటుంది. కొట్టి వరసగా పేర్చిన రొట్ట కనబడిందంటే, అది నిప్పు కోసం ఎదురుచూస్తున్నదని ఆ కొండ మీద పసిపిల్లకి కూడా తెలుసు.

పని మొదలైంది. కాంట్రాక్టరు మనుషులు చెట్లు కొట్టారు, దుంగలు దించుకుపోయారు. కొమ్మలూ చివర్లూ, మేం స్లాష్ అంటాం, ఊళ్లో రొట్ట అంటారు, వాటిని లోడింగుకి వీలుగా కొండవాలుకి అడ్డంగా పొడవాటి వరసల్లో పేర్చారు. కూలీలు ఆ వరసల్ని 'లైన్లు' అనేవారు. మొదటి లైను, రెండో లైను, గెడ్డ పైనున్నది పెద్ద లైను. కొన్నాళ్లకి ఊరంతా అదే మాట పట్టుకుంది. వాటిని ఎత్తే లారీలు మాత్రం రాలేదు. దుంగలు ఒక టెండరట, రొట్ట ఇంకో టెండరట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని, ప్లాన్ పైవాళ్లు సంతకం పెట్టి పంపినా గుమాస్తాల దగ్గర కదల్లేదు. నేను రాశాను, ఫోన్లు చేశాను, ఆఫీసుకి వెళ్లి నిలబడ్డాను. "మేడమ్ మళ్లీ వచ్చారు" అని గుమాస్తాలు నవ్వుకునేవారు. ఫాల్గుణం వెళ్లిపోయేసరికి ఆ రొట్ట ఎర్రగా ఎండి, తొక్కితే పటపటమనేది.

ఇంకో పని కూడా వెనకబడింది. ప్లాంటేషన్ చుట్టూ ఫైర్ లైను అని ఉంటుంది. కొంత వెడల్పున గడ్డీ ఆకూ లేకుండా ఉంచే ఖాళీ పట్టీ అన్నమాట. బయట నుంచి నిప్పు వస్తే అక్కడ ఆగిపోవాలి. ఏటా చలికాలం చివర, మంచు తడి ఉండగానే, మేమే మనుషుల్ని పెట్టి ఆ పట్టీ మీది గడ్డి కాలుస్తాం. దాన్నే మా వాళ్లంతా 'లైను కాల్చడం' అంటారు. ఆ ఏడు మంజూరు ఆలస్యంగా వచ్చి ఆ లైను కాల్చలేదు.

ఇంతలో ఇటుకల పండగ దగ్గర పడింది. చైత్రంలో కొండ ఊళ్లలో చేసే వేట పండగ అది. మగవాళ్లు అడవికి పోతారు. ఉత్తచేతుల్తో తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరించి, పాటలు కట్టి ఏడిపిస్తారు. ఆ అవమానం పడలేక ఎవడో ఒకడు పొదకి నిప్పు పెట్టి జంతువుని తోలాలని చూస్తాడు. అందుకని పండగలోగా ఫైర్ లైను కాల్చేయాలని మా రేంజర్ గారు కంగారు పడ్డారు. గోదావరి వైపు మనిషి, చెడ్డవాడు కాదు. ఆయన కంగారులో తప్పేమీ లేదు. పైనుంచి రోజూ ఫోన్లు, పని అయినట్టు జియోట్యాగ్ ఫోటో పెట్టమని. నేను డివిజన్ మీటింగులో ఉన్న రోజు ఆయనే నేరుగా దొన్నుకి ఫోన్ చేశారు.

భోజనాల దగ్గర నా ఫోన్ మోగింది. కాఫీ తోట కాపలాదారుడు, గెడ్డ మీద పొగ లేచిందని. బయల్దేరాను. ఘాటీ మలుపుల్లోంచే కనిపించింది. పచ్చికట్టెల పొగ తెల్లగా ఉంటుంది, పైన్ పొగ నల్లగా లేస్తుంది, జిగురు ఉంటుంది కదా. నల్లగా లేస్తోంది.

మేం చేరేసరికి పైభాగం అంతా కాలుతోంది. తల మంట మాత్రం కాదు. థిన్నింగ్ చేసిన మేర మంట చెట్లెక్కలేదు, నేల మీదే నడిచింది. ఆ సంగతి తరవాత ఆఫీసులో నాకు మెచ్చుకోలుగా చెప్పారు కూడా. అప్పుడు నాకు అదేమీ తట్టలేదు. ఊరి మగవాళ్లు రొట్టతో కొడుతున్నారు. సుక్రి ఎక్కడా కనబడలేదు. ఎవరో గెడ్డవైపు చెయ్యి చూపించారు.

గెడ్డలో మోకాలు లోతు నీళ్లు కూడా లేవు ఆ కాలంలో. ఆ నీళ్లలో సుక్రి కూర్చుని ఉంది, దొన్ను తల ఒళ్లో పెట్టుకుని, దోసిలితో నీళ్లు ఒంటి మీద పోస్తూ. అతని చొక్కా ఒంటికి అంటుకుపోయింది. చేతులు చూడలేకపోయాను. నన్ను చూసి లేవబోయాడు. ఆఫీసరు వస్తే లేచి నిలబడే అలవాటు, ఆ స్థితిలో కూడా.

జీపులో వెనక సీటు మీద పడుకోబెట్టి దింపాం. అంబులెన్సు కింద ఎదురొస్తుందన్నారు. దారి పొడుగునా అతను మాట్లాడుతూనే ఉన్నాడు. కాలినవాళ్లకి మొదట్లో నొప్పి తెలియదని నాకప్పుడు తెలియదు. మాట్లాడుతున్నాడు కదా, బతుకుతాడనుకున్నాను.

"లైను కాల్చమన్నారు గదమ్మా, కాల్చేను. పైనుంచే ఎట్టేను నిప్పు. మా పోడులో అలాగే ఎడతాం, పైనుంచెడితే మెల్లగ దిగుద్ది. ఇది కిందనుంచొచ్చింది. ఎలాగొచ్చిందో నాకు తెల్దు."

"మాట్లాడకు దొన్నూ."

"సెట్టుకి ఏటవనేదు గదా?"

"ఏమీ కాలేదు," అన్నాను. నేను ఆ చెట్టు వైపు చూడనే లేదు.

విశాఖలో ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉండి దొన్ను చనిపోయాడు. చివర్లో మాటలు లేవు. ఆ మనిషి మాట్లాడకుండా పడుకుని ఉండటం నేను అక్కడే చూశాను. సుక్రి ఏడవలేదు. వార్డు బయట గోడకి ఆనుకుని కూర్చుని, వచ్చిపోయే నర్సుల్ని చూస్తూ ఉండిపోయింది. నేను మాత్రం మెట్ల కిందకి వెళ్లి భోరున ఏడ్చాను.

నిప్పు కారణం తేల్చి రాయాల్సింది సెక్షన్ ఆఫీసరుగా నేనే. కొండ మీదకి మళ్లీ వెళ్లాను. కాలిన నేలని చదవడం మా పనిలో భాగం. రాయికి ఏ వైపు మసి పట్టింది, గడ్డి ఏ వైపు వాలింది చూసుకుంటూ పోతే నిప్పు పుట్టినచోటికి చేరతాం. ముందుగా ఫైర్ లైను దగ్గరికి పోయాను. అక్కడ గడ్డి నిలువుగా ఉంది. అగ్గిపుల్ల కూడా పడలేదు. కాలింది గెడ్డ పైనున్న రొట్ట వరస. పెద్ద లైను. దాని దగ్గర నిలబడగానే జీపులో దొన్ను అన్న మాట చెవిలో మోగింది, అక్కడే బూడిదలో కూర్చుండిపోయాను.

ఆఫీసులో లైను అంటే గడ్డి పట్టీ. ఊళ్లో లైను అంటే రొట్ట వరస. ఆయన ఒకటి చెప్పారు, ఇతను ఒకటి విన్నాడు. కొట్టి, పేర్చి, ఎండిన రొట్టని కాల్చమంటే కొండమనిషికి అందులో అనుమానం ఎందుకొస్తుంది? ఇన్నాళ్లూ ఎందుకు కాల్చలేదా అన్నదే వాళ్ల అనుమానం.

కాల్చడం కూడా పద్ధతిగానే కాల్చాడు. రెండు పక్కలా నేల గీకిన గుర్తులు ఉన్నాయి. పోడు రొట్ట అయితే మెల్లగా దిగి ఆరిపోయేది. కానీ ఇది పైన్. పైన్‌కి గుండ్రటి కట్టె కాయలు కాస్తాయి, లోపలంతా జిగురు. అవి అంటుకుని, మండుతూ వాలు మీద దొర్లి, గెడ్డ ఒడ్డున ఎండుటాకులో పడ్డాయి. అక్కడ లేచిన మంట పైకి తిరిగింది. మన కొండల్లో ఏ చెట్టూ నిప్పుని అలా కిందకి దొర్లించదు. అది అతని తాతలకీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు.

తాని చెట్టు దగ్గరికి వెళ్లాను. చెట్టు నిలబడి ఉంది. మొదలు చుట్టూ నేలని శుభ్రంగా గీకేసి ఉంది, ఆకు అన్నది లేకుండా, ఎర్రమట్టి కనబడేలాగ. ఆ గీకిన మేరకి వచ్చి మంట ఆగిపోయింది. పక్కనే అతని పార, పిడి కాలిపోయి. కింద పొగ చూడగానే పైన సురక్షితంగా ఉన్నవాడు కిందకి దిగి ఆ పని చేశాడు. పని పూర్తయ్యాక పైకి దారి లేదు. మంటలోంచే గెడ్డలోకి పరిగెత్తాడు.

సుక్రి వాంగ్మూలం ఆమె గుమ్మంలోనే తీసుకున్నాను. ఫోన్ వచ్చినప్పుడు ఆమె పక్కనే ఉంది. "సారు ఫోనులో సెప్పేరు. లైను కాల్చెయ్, సాయంత్రానికల్లా పోటో ఎట్టు అన్నారు. ఈయన అడిగేడమ్మా. ఏ లైను సారూ, పెద్దదేనా అని. పెద్దదే, బేగి కాల్చెయ్ అన్నారు. ఎండెక్కిపోనాది, రేపు తెల్లారగట్ల కాలుద్దామని నానన్నాను. సారు తిడతారని ఎల్లేడు."

ఇదంతా రాసుకుని రేంజర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన మొహంలో నెత్తురు లేదు. "పెద్ద లైను అన్నాను మేడమ్, నిజమే. చుట్టూ తిరిగే ఫైర్ లైనే కదా పెద్దది. కొండ మీద ఇంకో లైను ఉందని నాకెలా తెలుస్తుంది?" అన్నారు. అది నిజం. చెట్లు కొట్టాక ఆయన పైకి రాలేదు.

"అదే రాద్దాం సార్. మాట తేడా వచ్చిందని. రొట్ట ఎత్తకుండా వదిలేశామని."

బల్ల మీద పేపర్‌వెయిట్ తిప్పారు. తరవాత మెల్లగా అన్నారు. "నాకు ఇద్దరు ఆడపిల్లలండీ. సస్పెన్షన్ అంటే... పోనీ, పోడు కోసం నిప్పు పెట్టాడని రాస్తే? ఆవిడ మెట్ట పక్కనే కదా. పోయినవాడి మీద కేసు ఎలాగూ ఉండదు, పోయినవాడికి పోయేదేముంది?"

తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అదేమిటో ఆ గదిలో చూశాను. పోడు పెంచుకోవడానికి అడవి కాల్చాడని కాగితం మీద పడితే, సుక్రి పట్టా తిరగదోడతారు. ఉన్న ఒక్క మెట్ట పోతుంది. అంతకన్నా, అడవిని కాపాడబోయి చచ్చిపోయినవాడు అడవిని కాల్చిన దొంగ అయిపోతాడు. కేకలేశాను. ఆఫీసంతా వినబడేలాగ వేశాను. "పోడు కోసం నిప్పు పెట్టినవాడు చెట్టు మొదలు గీకుతాడా సార్? వెళ్లి చూడండి, ఇప్పటికైనా కొండెక్కి చూడండి!"

నేను చూసిందీ విన్నదీ యథాతథంగా రాసి పంపాను. పైనుంచి ఒక ఆఫీసరు ఎంక్వయిరీకి వచ్చారు. కొండెక్కారు, పాపం, రొప్పుతూ అయినా ఎక్కారు. చెట్టు చుట్టూ గీకిన నేల చూసి టోపీ తీశారు. కిందకి దిగాక మాత్రం అడగాల్సిన ప్రశ్నలు అడిగారు. కాల్చమన్న ఆర్డరు రాతలో ఉందా? లేదు. ఫోన్లో ఏమన్నారో విన్నదెవరు? భార్య. ఇంకెవరైనా? లేరు.

ఆయన వెళ్లిన వారంలో లారీలు వచ్చి మిగిలిన రొట్టంతా ఎత్తేశాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని మామూలుగా అనేస్తుంటాం. ఆ మాట నేనిప్పుడు అనలేను.

తుది రిపోర్టు వానలు పడ్డాక వచ్చింది. పోడు మాట తీసేశారు. సుక్రి పట్టా జోలికి పోలేదు. రేంజర్ గారి మాటా లేదు, ఎత్తని రొట్ట మాటా లేదు. ఫైర్ వాచర్ మృతి విచారకరం అన్నారు. నిప్పుకి కారణం అన్నచోట ఒక్కటే మాట: తెలియదు. కారణమే తెలియనప్పుడు అతను శాఖ చెప్పిన పని చేస్తూ పోయాడని ఎలా అంటారు? అనలేదు. దానితోబాటే నాకు జి.మాడుగుల వైపు బదిలీ ఆర్డరు వచ్చింది. మామూలు బదిలీయే అన్నారు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలకి నేను చెప్పేవి రెండు. రొట్ట ఎత్తడానికి లారీ ఏర్పాటు కాకుండా ఒక్క చెట్టు కూడా కొట్టించొద్దు. పల్చన చేసి రొట్ట వదిలేసిన అడవి, అసలు ముట్టుకోని అడవికన్నా ప్రమాదం. రెండోది, కొండ మీద ఎవరికైనా పని చెబితే, వాళ్లు ఏం విన్నారో వాళ్ల నోటితో తిరిగి చెప్పించుకోండి. నేను అలాగే చేస్తాను. మేడమ్‌కి మతిమరుపు వచ్చిందని నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

మూడోది ఎవరికీ చెప్పలేదు. అది నాకు సుక్రి నేర్పింది.

బదిలీ మీద వెళ్లేముందు ఆ ఊరు వెళ్లాను. దారిలో గెడ్డ దాటుతుంటే తాని చెట్టు మీద గోల. తల్లి బయటికి వచ్చేసింది, పిల్ల కూడా. కొత్త ఈకలతో కొమ్మ మీద తడబడుతోంది. చూడగానే సంతోషం పొంగింది. వెంటనే, దీన్ని ఎవరితో చెప్పుకుని నవ్వాలో ఆ మనిషి లేడని గుర్తొచ్చింది.

సుక్రి అరుగు మీద చోళ్లు చెరుగుతోంది. పిల్ల బయటికి వచ్చిందని చెప్పాను. "సూసేను," అంది. చెరుగుతూనే అడిగింది. "కాయితం ఒచ్చిందంట గదా. ఏటి రాసేరమ్మా?"

"ఆయన తప్పని రాయలేదు. నీ మెట్ట జోలికి ఎవరూ రారు."

"మరేటని రాసేరు? నిప్పు ఎలాగొచ్చిందనీ?"

"తెలియదని రాశారు."

చేట ఆగింది. "ఎవులికి తెల్దు?"

సుక్రికి అబద్ధం చెప్పదలచుకోలేదు. "అందరికీ తెలుసు సుక్రీ. రేంజర్ గారికి తెలుసు, వచ్చిన పెద్ద ఆఫీసరుకి తెలుసు, నాకు తెలుసు."

ఆమె నా వైపు తిరిగి చూసింది. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడుగుతున్నట్టు.

"అంత సదువుకున్నోలు గదమ్మా. తెలిసింది రాయడం రాదేటి మీకు?"

అప్పటినించి నా సంతకంతో వెళ్లిన ఏ ఫైర్ రిపోర్టులోనూ కారణం దగ్గర 'తెలియదు' అన్న మాట లేదు. తెలిసేదాకా సంతకం పెట్టను, తెలిశాక ఎవరు చెప్పినా మార్చను. ఇందువల్ల ఎవరికీ నా మీద ప్రేమ పెరగలేదు. దొన్ను కాగితంలో మాత్రం ఆ మాట అలాగే ఉంది.